బీప్ తర్వాత రెండు సెకన్లు

శనివారం పదకొండు గంటలకు వాళ్ల కుక్క బొగ్గుకి ఇంజెక్షన్ అని అక్క గురువారం సాయంత్రం ఫోన్లో చెప్పింది. టీకా అనుకొని, "ఏ టీకా?" అన్నాను. అక్క ఏడ్చింది. అప్పుడర్థమైంది, ఇది రెండోసారి వేయించాల్సిన అవసరం రాని ఇంజెక్షన్ అని.

"మా అత్తగారి చెయ్యి కరిచేసిందే. ఏడు కుట్లు పడ్డాయి. మీ బావ డాక్టరుతో మాట్లాడేశారు."

"మాట్లాడేశారా? నాకొక్క మాట చెప్పకుండానా?"

"నువ్వు అరుస్తావని చెప్పలేదు."

అరిచాను. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజు నాకు బాగా తెలిసింది. పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్న పని కుక్కలకు బుద్ధులు నేర్పడం. నిజం చెప్పాలంటే, కుక్కల్ని పెంచే మనుషులకు నేర్పడం. కుక్కలు ఎప్పుడో నేర్చేసుకుంటాయి. నా రేకుల షెడ్డుకి ఎక్కడెక్కడి నుంచో ముక్కూమొహం తెలియని వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. సొంత అక్క మాత్రం కుక్కకి చావు టైమ్ రాయించాక నాకు కబురు చెబుతుంది!

శుక్రవారం పొద్దున క్లాసులన్నీ మానేసి వెళ్లాను. వాళ్లది మూడో అంతస్తు. లిఫ్టు ఎక్కలేదు. మా బావ లిఫ్టుల ఇంజనీరు, ఆ బిల్డింగు లిఫ్టు బాగోగులు చూసేది కూడా ఆయనే, కాబట్టి ఆ రోజు నాకు లిఫ్టు మీద కూడా కోపమే. రెండో అంతస్తు మలుపులో ఆగి చెవి పెట్టి విన్నాను. బొగ్గుకి నా చెప్పుల చప్పుడు తెలుసు. పోయినసారి, ఏడాది కిందట, నేను ఆ మలుపు చేరేసరికే ఇల్లు ఎగిరిపోయేలా మొరిగింది. ఇప్పుడు ఆ ఇంట్లో కుక్క ఉన్నట్టే లేదు.

బాల్కనీ గ్రిల్లుకి పొట్టి గొలుసుతో కట్టేశారు. మూతికి బుట్ట. మెడకు నల్ల పట్టీ, రిమోట్ నొక్కితే కరెంటు షాక్ కొట్టేది, ఆ పట్టీ లోపలివైపు కంఠానికి ఆనుకొని రెండు ఇనుప మొటిమలు. ఆ మొటిమలున్న చోట వెంట్రుకలు రాలి చర్మం కమిలి ఉంది. నన్ను చూసి తోక నేలకి రెండుసార్లు కొట్టింది. గొంతు మాత్రం విప్పలేదు.

బావ హాల్లో నిలబడి ఉన్నాడు. మామూలుగా అయితే "రండి బిస్కెట్ టీచరు గారూ" అంటూ ఎదురొస్తాడు. నేను బిస్కెట్ ముక్కలు పెట్టి, టిక్కుమనే చిన్న డబ్బీ నొక్కి కుక్కలకు పాఠాలు చెబుతానని ఆయనకు నవ్వులాట. ఆయన లెక్క వేరు. బటన్ నొక్కితే రావాలి, బటన్ నొక్కితే పోవాలి.

"కూర్చో," అన్నాడు.

"కూర్చోను. కూర్చోమంటే కూర్చోడానికి నేను నీ కుక్కని కాదు."

"వచ్చీ రాగానే మొదలుపెట్టిందమ్మా," అంది కుర్చీలోంచి అక్క అత్తగారు. ఆవిడ కుడిచెయ్యి మణికట్టు దాకా కట్టుతో ఒళ్లో ఉంది. ఆవిడ నోరు మంచిది కాదు కానీ మనసు మంచిదని అక్క అంటుంది. నాకు ఆ నోరే ఎక్కువ నచ్చుతుంది.

"ఎలా ఉంది అత్తయ్యగారూ నొప్పి?"

"నొప్పి చేతికి లేదు. ఏడాదిగా దాని తలకాయ నా పాదం మీద పెట్టుకొని పడుకుంటోంది. దానికి నేనేం ద్రోహం చేశానో చెప్పమను."

బావ వైపు తిరిగాను. "ఆ మెడలో ఉన్నది ఎప్పుడు కట్టావు?"

"ఎనిమిది నెలలు. అందరూ అదే కడుతున్నారు. పక్కింటివాళ్లు, కిందింటివాళ్లు రోజూ మొరుగుడు, గుర్రుమనడం అని నా ప్రాణం తీశారు. నేనేం కసాయివాడిలా కర్రతో బాదలేదు. అంతా పద్ధతి ప్రకారం చేశాను. కావాలంటే చూసుకో." బీరువాలోంచి ఒక రిజిస్టరు తీసి టేబుల్ మీద పెట్టాడు.

మా బావ రిజిస్టరు లేకుండా తుమ్మడు. లిఫ్టు మరమ్మతులకి గళ్లు గీసే పుస్తకాన్నే కుక్కకీ వాడాడు. తేదీ, సమయం, కారణం, బీప్, షాక్ నంబరు, ఫలితం. గుండ్రని అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ప్రతి నెల చివరా మొత్తం వేశాడు. మొదటి నెల గుర్రుమనడం ముప్పై ఒకటి. రెండో నెల పన్నెండు. మూడో నెల నాలుగు. అయిదో నెల నుంచి సున్నా, సున్నా, సున్నా. ఆ సున్నాల కింద ఎర్ర పెన్నుతో గీతలు.

నాకు ఒళ్లు మండిపోయింది. "వీటికింద గీతలెందుకు గీశావు? సంబరమా?"

"ఫలితం వచ్చింది కదా."

"వచ్చింది. ఏడు కుట్ల ఫలితం. బావా, కుక్క గుర్రుమనేది కరవడానికి కాదు, కరవకుండా ఉండటానికి. నాకు భయంగా ఉంది, దగ్గరికి రావొద్దు, నన్ను అంత దూరం తీసుకెళ్లొద్దు అని చెప్పుకునే మాట అది. దానికున్న మర్యాద అది. ఆ మాట అన్న ప్రతిసారీ నువ్వు దాని గొంతు మీద కరెంటు పెట్టావు. భయం పోలేదు, మాట పోయింది. లిఫ్టులో జనం ఎక్కువైతే గంట మోగుతుంది కదా, ఆ మోత చెవులకు బాధగా ఉందని తీగ కోసేస్తావా?"

"కొయ్యను," అన్నాడు బావ. వెంటనే మొహం గట్టిపడింది. "సరే, గుర్రుమనకుండా కరిచింది, ఒప్పుకుంటా. కానీ అసలు ఎందుకు కరిచింది? మా అమ్మని, రోజూ అన్నం పెట్టే చేతిని? రిమోట్ నేనే పట్టుకున్నాను, అమ్మ ఎప్పుడూ ముట్టుకోలేదు. నాకు కోపం ఉంటే నన్ను కరవాలి. కారణం తేలని లిఫ్టుని నేను మళ్లీ నడపను, ఎవరు కాళ్లావేళ్లా పడ్డా నడపను. ఎందుకు కరిచిందో చెప్పు, ఇప్పుడే ఫోన్ చేసి రేపటిది ఆపేస్తా. చెప్పలేకపోతే అరవకు."

న్యాయమైన మాట. ఆ న్యాయం నా ఒళ్లు ఇంకా మండించింది, ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. పాదం మీద తల పెట్టే కుక్క ఉన్నట్టుండి ఆ చేతినే పట్టుకుందంటే పిచ్చి అయినా ఉండాలి, కారణమైనా ఉండాలి. బొగ్గు కళ్లలో పిచ్చి లేదు.

"ఆ రోజు ఎవరెక్కడున్నారు? ఏం చేస్తున్నారు? పూసగుచ్చినట్టు చెప్పండి," అన్నాను.

అత్తయ్యగారు చెప్పింది. పొద్దున్నే, ఇదే కుర్చీ. బొగ్గు తల పాదం మీద. ఆవిడ షుగర్ చూసుకుంటోంది. ఎడమచేతి వేలు గుచ్చుకొని, కుడిచేత్తో మిషన్ పట్టుకొని రక్తపు చుక్క అంటించింది. అంతే, కింద నుంచి లేచి కుడిచెయ్యి పట్టేసింది.

"రక్తం వాసనకేమో," అంది అక్క.

"సూది మొనంత రక్తానికా? నీకెన్నిసార్లు వేలు తెగలేదు కూరగాయలు తరుగుతుంటే? మిషన్ ఎప్పటిది?"

"కొత్తదే. వారమైంది. అంతకుముందు మందుల షాపుకెళ్లి చూపించుకునేవారు."

"ఆ వారంలో ఇది చూసుకునేటప్పుడు బొగ్గు ఏం చేసేది?"

అక్క ఆలోచించింది. "బాల్కనీలోకి వెళ్లిపోయేది. మిషన్ తీయగానే కాదు, కాసేపాగి. ఉన్నట్టుండి లేచి పరుగు. కరిచిన రోజు వాన జల్లు కొడుతోందని నేనే తలుపు వేశాను."

తలుపు వేసింది. పారిపోయే దారి లేదు. చెప్పుకునే గొంతు లేదు. ఇక మిగిలింది పళ్లే. కానీ దేన్నుంచి పారిపోయేది?

"మిషన్ తియ్యి," అన్నాను. కుర్చీ పక్కన నిలబడి, బొగ్గు కనిపించేలా బాల్కనీ తలుపు తెరిపించాను. అక్క మిషన్‌లో స్ట్రిప్ దోపి, తన వేలు గుచ్చుకొని చుక్క అంటించింది. మిషన్ సన్నగా, పదునుగా కూత పెట్టింది. బీప్.

బొగ్గు గోడలోకి దూరిపోదామన్నట్టు మూలకి ఒదిగిపోయింది. మెడ లోపలికి లాక్కుంది, కళ్లు మూసుకుంది, నాలుగు కాళ్లూ గడగడా వణికాయి. బుట్టలోపల నోరు తెరుచుకొని ఉంది. ఒకటి, రెండు అని నేను లెక్కపెట్టేలోపు దాని ఒళ్లంతా ఒక్కసారి ఉలిక్కిపడింది, రిమోట్ ఎవరూ ముట్టుకోకుండానే.

బావ జేబులోంచి రిమోట్ లాక్కొని బీప్ బటన్ ఒక్కటే నొక్కాను. పట్టీ కూసింది. అదే కూత. మిషన్‌ది, పట్టీది పక్కపక్కన పెట్టి వింటే ఏది ఏదో నేను కూడా చెప్పలేను.

దొరికింది. దొరకగానే నా నోరు కట్టలు తెంచుకుంది. "ఇదిగో నీ కారణం! కొట్టబోయే ముందు గంట కొట్టి మరీ కొట్టావు. బీప్ అంటే ఇంకో రెండు సెకన్లలో నరకం అని ఎనిమిది నెలలు నూరిపోశావు. ఆ బీప్ అత్తయ్యగారి చేతిలోంచి వచ్చింది. ఇంత దిక్కుమాలిన పద్ధతి నీకు ఏ బుర్రలేని వెధవ నేర్పాడు?"

బావ నన్ను వింతగా చూశాడు. కోపంగా కాదు. రిజిస్టరు మొదటి పేజీకి తిప్పి నా ముందు పెట్టాడు.

గళ్ల పైన, అవే గుండ్రని అక్షరాలు: 'మరదలి సలహా. చెప్పకుండా కొట్టడం అన్యాయం. ముందు బీప్, రెండు సెకన్ల తర్వాత షాక్. ప్రతిసారీ, తప్పకుండా.'

"ఫోన్లో చెప్పావు," అన్నాడు. "నువ్వు చెబుతుంటే రాసుకున్నాను. ఒక్కసారి కూడా బీప్ లేకుండా కొట్టలేదు. అన్ని గళ్లూ చూసుకో."

గుర్తొచ్చింది. షెడ్డులో ఒక చేత్తో గొలుసు, చెవికీ భుజానికీ మధ్య ఫోను. పట్టీ కొనేశానని బావ చెప్పాడు. వద్దని పావుగంట అరిచాను. ఆయన వినలేదు. అప్పుడు విసుగొచ్చి, ఏడుస్తావో చస్తావో, కనీసం ముందు బీప్ కొట్టి కొట్టు, మెల్లగా బీప్ చాలు, షాక్ అక్కర్లేకుండా పోతుంది అన్నాను. చాలా తెలివైన రాజీ అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఆ పట్టీ విప్పమంటే విప్పని ప్రతి మొండిఘటానికీ అదే చెప్పాను. వద్దని గట్టిగా నిలబడే ఓపిక లేక, సగం నేరానికి పద్ధతి నేర్పాను. బావ మీద ఎంత కోపమొచ్చిందో దానికి పదింతలు నా మీద నాకు వచ్చింది. ఆయన కనీసం రాసిపెట్టుకున్నాడు. నేను మర్చిపోయాను.

"తప్పు నాది," అన్నాను. ఆ రెండు మాటలు బయటికి రావడానికి ఎంత సేపు పట్టిందో చెప్పను. "కారణం తేలింది కదా. ఫోన్ చెయ్యి."

బావ ఫోను తీయలేదు. "మైక్రోవేవ్ బీప్‌మంటుంది. వాషింగ్ మెషిన్ బీప్‌మంటుంది. వాటినేం కరవలేదే?"

"వాటి గొంతు వేరు. వాటికి లేచి వెళ్లిపోయే దారి కూడా ఉంది."

"ఏమో. ఒక చిన్న కూతకి, నొప్పి లేకుండానే, ఇన్నాళ్లు తిండి పెట్టిన చేతిని కరుస్తుందంటే అది నమ్మకమైన జంతువు కాదు. తనని తాను అదుపులో పెట్టుకోలేని దాన్ని ఇంట్లో పెట్టుకోలేను."

బాల్కనీలోకి వెళ్లి బొగ్గు మెడలోంచి పట్టీ విప్పాను. లోపలికొచ్చి నా కుడి మణికట్టుకి బిగించుకొని, రిమోట్ బావ చేతిలో పెట్టాను. "నొక్కు. నాకు తెలివి ఉంది, చదువు ఉంది, ఎప్పుడొస్తుందో తెలుసు. నొక్కి చూడు."

అక్క మొహం తిప్పేసుకుంది. బావ రిమోట్ టేబుల్ మీద పెట్టి వెనక్కి జరిగాడు. "నాకు పిచ్చేం పట్టలేదు," అన్నాడు.

"ఇటివ్వు," అంది అత్తయ్యగారు. ఎడమచేత్తో రిమోట్ అందుకుంది. "సలహా ఇచ్చింది ఇదే కదా. దీనికీ రుచి తెలియనీ. ఎన్నో నంబరురా నువ్వు పెట్టేది?"

"నాలుగు," అన్నాడు బావ నేలచూపులు చూస్తూ.

బీప్. ఒకటి, రెండు. మణికట్టు మీద ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. నా నోట్లోంచి బూతు వచ్చింది. బీప్. మళ్లీ. ఆవిడ ఆగలేదు, నేను ఆగమనలేదు. ఏడుసార్లు. కుట్టుకి ఒకటి చొప్పున అనుకుందేమో. ఎనిమిదోసారి బీప్ ఒక్కటే కొట్టించాను. చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది.

"నటన," అన్నాడు బావ. "నీకు ఏం చూపించాలో తెలుసు, అది చూపిస్తున్నావు."

మళ్లీ గొడవ మొదలైంది. నేను ఆయన్ని మొండి వెధవ అన్నాను, ఆయన నన్ను నోటి దురుసు మనిషి అన్నాడు, అక్క ఇద్దరినీ కలిపి తిట్టింది. కుక్క బతుకు రేపు పదకొండు గంటల వరకే ఉంది, మేం ఒకరి జుట్టు ఒకరం పట్టుకోవడమే తక్కువ.

"చాలు!" అంది అత్తయ్యగారు. "భోజనం వేళ దాటిపోతోంది. షుగర్ చూసుకోకపోతే నా కోడలు ముద్ద పెట్టదు. ఏయ్ అమ్మాయ్, ఇలా వచ్చి ఆ సూది గుచ్చు. ఈ కట్టుతో నావల్ల కావట్లేదు."

పట్టీ విప్పి, రిమోట్‌తో పాటు టేబుల్ మీద పడేసి, ఆవిడ కుర్చీ పక్కన చతికిలబడ్డాను. కుడిచెయ్యి కట్టుతో కుర్చీ చేతిమీద పెట్టుకుంది. ఎడమచేతి వేలు శుభ్రం చేసి గుచ్చాను. మిషన్ నా కుడిచేతిలో ఉంది. నోటితో బావని ఇంకా తిడుతూనే ఉన్నాను, అది గుర్తుంది. చుక్క అంటించాను.

బీప్.

అది షుగర్ మిషన్ అని నాకు తెలుసు. రిమోట్ టేబుల్ మీద ఉందని తెలుసు. నా చేతికి ఆ సంగతి తెలియదు. అది విసురుగా పైకి లేచింది, మిషన్‌తో సహా వెళ్లి అత్తయ్యగారి కట్టు మీద, సరిగ్గా కుట్ల మీద కొట్టింది. ఆవిడ కెవ్వుమంది. మిషన్ ఎగిరి గోడకి తగిలింది.

కట్టు మీద చిన్న ఎర్ర మరక తేలింది. నా నోరు తెరుచుకొని ఉంది, కానీ అందులోంచి జాగ్రత్త అనే మాట గానీ అరుపు గానీ రాలేదు. వచ్చే తీరిక లేదు.

అత్తయ్యగారు పళ్లబిగువున ఊపిరి పీల్చుకుంది. ఆ చెయ్యి వంక, నా వంక, బాల్కనీ వంక చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం తగ్గలేదు.

"ఒరేయ్," అంది కొడుకుతో. "డాక్టరుకి ఫోన్ చెయ్యి."

"ఎందుకమ్మా? కుట్లు ఊడాయా?"

"రేపటికి ఇంకో ఇంజెక్షన్ తెమ్మని చెప్పు. నీ మరదలు కూడా నమ్మకమైన జంతువు కాదు. ఇద్దరికీ కలిపి ఒకే టైమ్ తీసుకో."

బావ నా మణికట్టు వంక చూశాడు. ఎర్రగా రెండు చుక్కలు. తర్వాత ఫోను తీసి బయటి వరండాలోకి వెళ్లాడు. రేపు రావడం లేదని, ఎప్పటికీ రానక్కర్లేదని ఆయన చెప్పడం తలుపు అవతల నుంచి వినిపించింది. లోపలికొచ్చి మిషన్ ఏరి, తిప్పి చూశాడు. దాని సౌండ్ ఆపడానికి ఆయనకు అర నిమిషం పట్టింది.

బొగ్గు బుట్ట కాసేపు తీశాను. ఇంకా కొన్ని నెలలు దానికి అది అవసరమవుతుందని, పద్ధతిగా అలవాటు చేయాలని, పోయిన గొంతు తిరిగి వస్తుందో రాదో నేను మాట ఇవ్వలేనని బావకి చెప్పాను. ఆయన కొత్త పేజీ తిప్పి రాసుకోబోయాడు. "రాయకు," అన్నాను. "ముందు నేను చెప్పేది నిజమో కాదో చూడు."

మధ్యాహ్నం షెడ్డుకొచ్చి డైరీ తీశాను. ఆ సలహా నా నోటితో విన్నవాళ్లు, గుర్తున్నంతవరకు, తొమ్మిదిమంది. మొదటి నంబరు ఒక బట్టల షాపు యజమానిది. పెద్ద గోధుమరంగు కుక్క.

"మేడమ్! మీ బీప్ ఐడియా బ్రహ్మాండం," అన్నాడు. "గుర్రుమనడం అన్న మాటే లేదు. ముత్యంలాంటి కుక్కయిపోయింది."

"మీ ఇంట్లో బీప్‌మనే వస్తువులు ఏమేం ఉన్నాయి?"

ఆయన నవ్వాడు. నవ్వుతూనే లెక్కపెట్టాడు. వాషింగ్ మెషిన్. ఫ్రిజ్ తలుపు. కారు తాళం. ఒక్క క్షణం ఆగాడు. "ఆ, ఇంకోటి. పాపకి జ్వరం చూసే థర్మామీటరు. అదిప్పుడు పాప నోట్లోనే ఉంది, పాపా కుక్కా ఇద్దరూ సోఫా మీదే పడుకున్నారు."

"పాపని ఎత్తుకొని పక్క గదిలోకి వెళ్లండి," అన్నాను. "ఫోన్ పెట్టకండి. వెళ్లాక మిగతాది చెబుతాను."